ఆకాశం ప్రభావం చూపుతుంది, తలరాత రాయదు

భూమ్యాకాశాలను సృజించి, ప్రతి గోళానికి ఒక మార్గాన్నీ, ప్రతి మార్గానికి ఒక గడువునూ నిర్ణయించిన అల్లాహ్‌కు వేనవేల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా అల్లాహ్ శాంతిశుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

మన నమాజుల వేళలు సూర్యుని వలన తెలుస్తాయి. మన ఉపవాసాలు, పండుగలు, హజ్ దినాలు చంద్రుని వలన తెలుస్తాయి. ఫజ్ర్ మొదలు ఇషా వరకు విశ్వాసి జీవితం ఆకాశాన్ని చూస్తూనే సాగుతుంది. అయినప్పటికీ ఆకాశాన్ని గురించి మన సమాజంలో రెండు తప్పుడు భావనలు పాతుకుపోయి ఉన్నాయి. పైన తిరిగే గోళాలకూ మన బ్రతుకులకూ ఏ సంబంధమూ లేదన్నది ఒకటి. మన పుట్టుక, పెళ్లి, రోగం, లాభం, నష్టం అన్నీ ఆ గోళాల చేతిలోనే ఉన్నాయన్నది రెండవది. మొదటిది అజ్ఞానం. రెండవది మన విశ్వాసానికే ముప్పు. ఈ రెండింటి నడుమ ఉన్న సత్యాన్ని నేడు మనం తెలుసుకుందాం.

సూరా యూనుస్‌లో అల్లాహ్ సూర్యుణ్ణి ప్రకాశంగా, చంద్రుణ్ణి కాంతిగా చేశాననీ, సంవత్సరాల లెక్కను మీరు తెలుసుకునేందుకే చంద్రునికి మజిలీలు నిర్ణయించాననీ తెలియజేశాడు. సూర్యచంద్రులు ఒక లెక్కకు కట్టుబడి ఉన్నాయని సూరా రహ్మాన్ చెబుతున్నది. అవి తమ తమ కక్ష్యల్లో ఈదుతున్నాయని సూరా యాసీన్ చెబుతున్నది. నెలవంకలను గురించి ప్రజలు అడిగినప్పుడు సూరా బఖరాలో అవతరించిన సమాధానం ఏమిటి? అవి ప్రజలకు కాలాన్ని, హజ్ వేళను తెలిపే గుర్తులని. అవి అదృష్టాన్ని పంచుతాయని ఆ సమాధానంలో ఎక్కడా లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దివ్య ఖుర్ఆన్ మార్గదర్శక గ్రంథం. ఖగోళశాస్త్ర పాఠ్యపుస్తకం కాదు. ప్రతి కొత్త పరిశోధనకూ ఒక ఆయత్‌ను అతికించడం పండితుల పద్ధతి కాదు. పరిశోధన రేపు మారవచ్చు, ఆయత్ మారదు. అయితే ఆకాశాన్ని చూసి ఆలోచించమని ఆదేశించినది ఆ గ్రంథమే గనుక, ఆలోచించడం మన విధి.

సూర్యుని ఆవర్తనం

సూర్యుని ముఖంపై నల్లని మచ్చలు ఏర్పడి మాయమవుతూ ఉంటాయి. జర్మనీలోని డెస్సౌ పట్టణానికి చెందిన ష్వాబే అనే ఔషధ వ్యాపారి 1826 నుండి, ఆకాశం నిర్మలంగా ఉన్న ప్రతి రోజూ దుర్భిణితో ఆ మచ్చలను లెక్కించాడు. 17 సంవత్సరాల ఓర్పు తరువాత, అవి ఒక క్రమం ప్రకారం పెరిగి తరుగుతున్నాయని 1843లో తేల్చాడు. ఆ ఆవర్తనం సగటున 11 సంవత్సరాలని తరువాతి వారు నిర్ధారించారు.

మచ్చలు అధికంగా ఉండే సంవత్సరాల్లో సూర్యునిపై పేలుళ్లు అధికమవుతాయి. విద్యుదావేశం గల కణాలు ఉప్పెనలా వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపివేస్తాయి. 1859 సెప్టెంబరు 1, 2 తేదీల్లో అట్టి తుఫాను వలన అనేక దేశాల్లో టెలిగ్రాఫ్ వ్యవస్థ స్తంభించింది. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో విద్యుత్తు నిలిచిపోయి సుమారు 60 లక్షల మంది దాదాపు 9 గంటలు చీకటిలో ఉన్నారు. 2024 మే నెలలో అట్టి తుఫాను వచ్చినప్పుడు మన లడఖ్‌లోని హాన్లే ప్రాంతంలో రాత్రి ఆకాశం ఎర్రబారింది. ఈ తుఫానులను గమనించడానికే మన శ్రీహరికోట నుండి 2023 సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1 బయలుదేరింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలిచి అది సూర్యుణ్ణి కనిపెట్టి చూస్తున్నది.

కాబట్టి సూర్యుని ఆవర్తనం మన జీవితాన్ని తాకుతుందనడంలో సందేహం లేదు. అయితే దాని హద్దు కూడా గమనించండి. ఈ ఆవర్తనంలో సూర్యుని మొత్తం వెలుగులో వచ్చే మార్పు సుమారు వెయ్యింట ఒక వంతు మాత్రమే. గడచిన 40 ఏళ్లలో సూర్యుని తీవ్రత పెరగలేదు. భూమి వేడి మాత్రం పెరుగుతూ వచ్చింది. అందుకు ప్రధాన కారణం మనం మండించిన బొగ్గు, చమురు. నేలపైనా నీటిపైనా కల్లోలం ప్రబలినది మానవులు తమ చేతులారా చేసుకున్న దాని ఫలితమని సూరా రూమ్ హెచ్చరిస్తున్నది. మన చేతులు చేసిన పనికి సూర్యుణ్ణి దోషిగా నిలపడం న్యాయం కాదు.

భూమి కక్ష్యలోని ఆవర్తనాలు

సోదరులారా! భూమి ప్రయాణించే కక్ష్య సంపూర్ణ వృత్తం కాదు. జనవరి తొలి వారంలో మనం సూర్యునికి సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటాము. జూలై తొలి వారంలో సుమారు 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటాము. పైగా భూమి నిటారుగా కాక ఒక పక్కకు వంగి తిరుగుతున్నది. ఋతువులకు మూలం ఆ వంపే.

ఈ లెక్కలను శ్రద్ధతో కొలిచిన వారిలో మన పూర్వ విద్వాంసులు ఉన్నారు. రఖ్ఖా నగరంలో అల్ బత్తానీ వెయ్యి సంవత్సరాలకు పైబడిన కాలంలో కొలిచిన వంపు 23 డిగ్రీల 35 నిమిషాలు. నేడు అది సుమారు 23 డిగ్రీల 26 నిమిషాలు. అంటే వంపు నెమ్మదిగా తగ్గుతున్నది. సూర్యుడు మనకు అతి దూరంగా కనిపించే స్థానం కూడా స్థిరం కాదని ఆయన గుర్తించారు. 11వ శతాబ్దంలో అందలూసియాలోని తులైతులా నగరంలో, అంటే నేటి స్పెయిన్‌లోని టొలీడోలో, అల్ జర్ఖాలీ ఆ స్థానం నక్షత్రాల నడుమ సుమారు 300 సంవత్సరాలకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతున్నదని లెక్కగట్టారు. నేటి విలువకు అది ఎంతో సమీపం. భూమి కదలదనే నమూనాలోనే వారు ఆలోచించారు. కాని వారి కొలత నిలిచింది. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలను గణించే మువఖ్ఖిత్‌గా పనిచేసిన ఇబ్ను షాతిర్ ఆ కాలపు అగ్రశ్రేణి ఖగోళవేత్త. మసీదు ప్రాంగణంలో నిలబడి ఆకాశాన్ని కొలిచిన వారసత్వం మనది.

పూర్వులు కొలిచిన ఈ సూక్ష్మమైన కదలికలే భూమి వాతావరణాన్ని యుగాల తరబడి మార్చుతూ వచ్చాయని 20వ శతాబ్దంలో సెర్బియా దేశస్థుడు మిలుటిన్ మిలంకోవిచ్ గణించి చూపాడు. కక్ష్య ఆకారం మారడానికి సుమారు లక్ష సంవత్సరాలు, వంపు 22.1 నుండి 24.5 డిగ్రీల మధ్య ఊగడానికి సుమారు 41 వేల సంవత్సరాలు. తిరిగే బొంగరం తల ఊపినట్లు భూమి అక్షం ఒక చుట్టు చుట్టడానికి సుమారు 26 వేల సంవత్సరాలు. ఆయన గ్రంథం 1941లో వెలువడింది. సముద్రగర్భపు మట్టి పొరల్లో ఈ ఆవర్తనాల జాడలు ఉన్నాయని 1976లో ముగ్గురు శాస్త్రవేత్తలు నిరూపించారు. మంచు యుగాలు వచ్చిపోవడం వెనుక ఈ లెక్క ఉన్నది.

దీనికి ఒక ఉదాహరణ మన హృదయాలకు దగ్గరైన నేలలోనే లభిస్తుంది. సుమారు పది వేల సంవత్సరాల క్రితం భూమి సూర్యునికి అతి సమీపంగా వచ్చేది నేటివలె జనవరిలో కాక ఉత్తరార్ధగోళపు వేసవిలో. అందువలన నేల మరింత వేడెక్కి, ఋతుపవనాలు బలపడి, లోతట్టు ప్రాంతాలకు వానను మోసుకుపోయాయి. నేటి సహారా ఎడారి నాడు గడ్డి మైదానం. అరేబియాలోని నఫూద్ ఎడారిలో ఎండిన సరస్సుల అడుగుభాగాలు ఉన్నాయి; అంతకంటే ఎంతో పూర్వపు పొరల్లో నీటి ఏనుగుల ఎముకలు సైతం దొరికాయి. అరబ్బు నేల తిరిగి పచ్చిక బయళ్లుగా, నదులుగా మారనంతవరకు ప్రళయ ఘడియ రాదని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. 'తిరిగి' అన్న ఆ మాటపై నేటి పండితులు అనేకులు దృష్టి నిలిపారు. ఆ ఘడియ ఎప్పుడన్నది మాత్రం అల్లాహ్‌కే తెలుసు. దానిని ఏ ఆవర్తనం నుండీ లెక్కగట్టలేము.

వాన కురిపించేది నక్షత్రమా?

ఇక మన తెలుగు నేలకు రండి. ఇక్కడి రైతు వానను కార్తెలతో లెక్కిస్తాడు. రోహిణి కార్తెలో ఎండలు మండిపోతాయి; మృగశిర కార్తెతో తొలకరి వస్తుంది. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడో ఆ నక్షత్రం పేరే కార్తెకు పెట్టారు. మృగశిర ప్రవేశం నేడు జూన్ రెండవ వారం మొదట్లో జరుగుతున్నది.

భూమి అక్షం తల ఊపుతున్నదని ఇంతకుముందు చెప్పుకున్నాము. దాని వలన నక్షత్రాలకూ ఋతువులకూ నడుమ సుమారు 72 సంవత్సరాలకు ఒక రోజు చొప్పున తేడా పేరుకుంటుంది. అంటే రెండు వేల సంవత్సరాల క్రితం సూర్యుడు మృగశిరను చేరినది ఋతువుల లెక్కన దాదాపు నాలుగు వారాలు ముందు, మే నెల రెండవ వారంలో. వానను కురిపించేది ఆ నక్షత్రమే అయితే, తొలకరి కూడా దానితోపాటే నెల రోజులు జరగవలసి ఉండేది. అది జరగలేదు. నక్షత్రం తన దారిన తాను జరిగిపోయింది. వాన సూర్యుని ఎత్తును, నేల వేడిని, సముద్రపు తేమను అనుసరించి వస్తూనే ఉన్నది.

హుదైబియాలో ఒక రాత్రి వాన కురిసింది. ఫజ్ర్ నమాజు అనంతరం దైవప్రవక్త (స) సహచరులకు అల్లాహ్ వాక్కును తెలియజేశారు: వాన అల్లాహ్ అనుగ్రహం వలన కురిసిందని అన్నవారు ఆయనను విశ్వసించి నక్షత్రాన్ని నిరాకరించినవారు, ఫలానా నక్షత్రం వలన కురిసిందని అన్నవారు నక్షత్రాన్ని విశ్వసించి ఆయనను నిరాకరించినవారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. దీనిని వివరిస్తూ ఇమామ్ షాఫియీ (రహ్మతుల్లాహి అలైహి) ఒక సూక్ష్మాన్ని చెప్పారు. ఫలానా నక్షత్రం వేళలో వాన కురిసిందని కాలాన్ని సూచించే భావంతో అంటే అది అవిశ్వాసం కాదు. అయినా వేరే మాట వాడటం మేలు. కాబట్టి కార్తెను పంచాంగపు గుర్తుగా పలికే రైతు తప్పు చేయలేదు. నక్షత్రానికి చేయి, చిత్తం ఉన్నాయని నమ్మినప్పుడే తప్పు మొదలవుతుంది.

పాలపుంత చుట్టూ ప్రయాణం

సూర్యుడు సైతం ఒకచోట నిలిచి లేడు. పాలపుంత కేంద్రానికి సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో, సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో, తన గ్రహాలన్నింటినీ వెంటబెట్టుకొని తిరుగుతున్నాడు. ఒక్క చుట్టుకు పట్టే కాలం సుమారు 23 కోట్ల సంవత్సరాలు. 460 కోట్ల సంవత్సరాల తన వయస్సులో సూర్యుడు చేసినవి 20 చుట్లు మాత్రమే. గత చుట్టులో మనం ఈ భాగంలో ఉన్నప్పుడు భూమిపై మానవుడు లేడు. రాక్షస బల్లుల తొలి తరాలు సంచరిస్తున్నాయి.

ఈ మహాప్రయాణం భూమిని తాకిందా? ఒక సాక్ష్యం స్పష్టంగా ఉన్నది. సముద్రగర్భంలో ఇరవై ముప్పై లక్షల ఏళ్ల నాటి పొరల్లో ఐరన్-60 అనే అరుదైన ఇనుము దొరికింది. భూమి పుట్టినప్పటిది అయి ఉంటే అది ఏనాడో క్షీణించిపోయి ఉండేది. కనుక అది సమీపంలో పేలిన ఒక నక్షత్రం నుండి వచ్చి పడినదని శాస్త్రవేత్తలు నిర్ధారించారు. మరొక వాదం మాత్రం ఇంకా నిలబడలేదు. జీవజాతులు మూకుమ్మడిగా అంతరించడం సుమారు 2 కోట్ల 60 లక్షల సంవత్సరాలకు ఒకసారి జరుగుతున్నదని 1984లో ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. పాలపుంత తలానికి పైకీ కిందికీ సూర్యుడు ఊగుతూ సాగడమే అందుకు కారణమని కొందరు ఊహించారు. ఆ లెక్క పైనా, ఆ ఊహ పైనా ఏకాభిప్రాయం కుదరలేదు. నిజాయితీ గల విద్య తీరు ఇది: కొలవగలిగినదానిని చెబుతుంది, తేలనిదానిని తేలలేదంటుంది. జోస్యం చెప్పేవాడు ఎన్నడైనా అలా అనగా విన్నారా?

ప్రభావం వేరు, తీర్పు వేరు

సోదరులారా! పైన చెప్పుకున్న ప్రభావాలన్నింటినీ ఒకసారి గుర్తుచేసుకోండి. వాటిలో మూడు లక్షణాలు కనిపిస్తాయి. ఒకటి, వాటిని కొలవవచ్చు, సరిచూడవచ్చు. రెండు, అవి మనిషి పేరు, పుట్టిన గడియ చూడవు. సౌర తుఫాను క్యూబెక్‌లో ధనికుని దీపాన్నీ పేదవాని దీపాన్నీ ఒక్కసారే ఆర్పింది. మూడు, అవి మనిషి బాధ్యతను తొలగించవు. వాన తగ్గిన ఏడాదిలోనూ జకాత్ ఇవ్వాలా, ధాన్యం దాచి ధర పెంచాలా అన్న నిర్ణయం మనిషిదే, జవాబుదారీ మనిషిదే. ఈ మూడు లక్షణాలూ లేకుండా, ఫలానా రాశివారికి ఈ వారం ధననష్టమని చెప్పేది విద్య కాదు. జ్యోతిష్కుని వద్దకు వెళ్లి ప్రశ్న అడిగినవాని నలభై రాత్రుల నమాజు స్వీకరించబడదని సహీహ్ ముస్లింలోని హదీసు హెచ్చరిస్తున్నది. పత్రికలోని రాశిఫలాలను సరదాకని చదివేవారు ఈ హెచ్చరికను తేలికగా తీసుకోరాదు.

దైవప్రవక్త (స) ముద్దుల కుమారుడు, పాలు మానని పసివాడు ఇబ్రాహీం మదీనాలో మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ గణన ప్రకారం అది క్రీ.శ. 632 జనవరి 27. ఇబ్రాహీం మరణానికి సూర్యుడు సైతం దుఃఖించాడని ప్రజలు అనుకున్నారు. ఆ నమ్మకాన్ని అలాగే వదిలివేస్తే ఎదురు చెప్పేవారెవరూ లేరు. కాని కన్నకొడుకును పోగొట్టుకున్న ఆ తండ్రి, ఆ దుఃఖంలోనే ప్రజల ముందుకు వచ్చి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలో రెండు సూచనలనీ, ఎవరి చావుకో పుట్టుకకో వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. గ్రహణం కనిపించినప్పుడు నమాజు చేయమనీ, దుఆ చేయమనీ, దానం చేయమనీ బోధించారు. ప్రవక్త కుమారుని మరణమే గ్రహణానికి కారణం కానప్పుడు, మన ఇళ్లలోని కష్టసుఖాలకు గ్రహణం కారణమవుతుందా?

ఈ ప్రశ్నను మన ఇళ్లలోకి తీసుకువెళ్లండి. చీలిన పెదవితో పుట్టిన బిడ్డను మన భాషలో 'గ్రహణం మొర్రి' బిడ్డ అంటారు. ఆ పేరులోనే ఒక నింద దాగి ఉన్నది. గ్రహణం వేళ తల్లి బయటకు వచ్చిందట, కత్తి పట్టిందట, కూర కోసిందట! కడుపులో బిడ్డ పెదవి రూపుదిద్దుకునేది గర్భం నాలుగవ వారం నుండి ఏడవ వారం లోపు. తాను గర్భవతినని అనేకమంది స్త్రీలకు నిశ్చయంగా తెలియని రోజులవి. వంశపారంపర్య లక్షణాలు, పోషకాహార లోపం, పొగ తాగడం, కొన్ని మందులు ఇందుకు దోహదం చేస్తాయని వైద్యులు చెబుతారు. చంద్రుని నీడకు ఇందులో పాత్ర లేదు. శస్త్రచికిత్సతో ఆ పెదవిని సరిచేయవచ్చు. అయినా అత్తవారింట జీవితాంతం ఆ తల్లి దోషిగా నిలబడుతున్నది. నిర్దోషిపై నింద మోపడం పెద్ద పాపం. ఆకాశంపై మోపామని మనం అనుకున్న నింద చివరకు ఒక అబల నెత్తిన పడుతున్నది. గర్భవతులను గ్రహణం వేళ ఆకలితో, దాహంతో గదిలో బంధించకండి. సూర్యగ్రహణాన్ని ఎవరూ వట్టి కళ్లతో చూడకండి. కళ్లకు హాని జరుగుతుంది. ఆ జాగ్రత్త అందరికీ సమానం.

1868 ఆగస్టు 18న మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడికి వచ్చి, సూర్యుని అంచున లేచే జ్వాలలు వాయుమయమని గుర్తించాడు. 2027 ఆగస్టు 2న పవిత్ర మక్కా నగరంపై సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ప్రసరిస్తుందని గణకులు ముందే లెక్కగట్టి ఉంచారు. ఇంత ఖచ్చితంగా లెక్కకు లొంగినది మన అదృష్టాన్ని శాసించే దేవత ఎలా అవుతుంది? అది స్వయంగా ఆజ్ఞకు బద్ధమైన దాసి.

అలాగే సఫర్ మాసం వస్తే పెళ్లిళ్లు ఆపేవారు మనలో ఉన్నారు. 'తేరా తేజీ' అని తొలి పదమూడు రోజులను గండంగా భావించి, కోడిగుడ్లు, నూనె తలగడ దగ్గర పెట్టుకొని తెల్లవారి పంచేవారు ఉన్నారు. దానం ఎన్నడూ మంచిదే. నెలలో శని ఉన్నదన్న నమ్మకం మాత్రం నిరాధారం. సఫర్‌లో అశుభం లేదని దైవప్రవక్త (స) విస్పష్టంగా చెప్పారు. షవ్వాల్ మాసం పెళ్లికి మంచిది కాదని అరబ్బులు భావించే కాలంలో హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) వివాహం షవ్వాల్‌లోనే జరిగింది. ఆమె దానిని సగర్వంగా చెప్పుకునేవారు. ముఖ్యమైన పని తలపెట్టినప్పుడు మనకు ఇస్తిఖారా నమాజు ఉన్నది, అనుభవజ్ఞుల సలహా ఉన్నది, ఆపై అల్లాహ్‌పై భరోసా ఉన్నది. ముహూర్తం కోసం ఇతరుల గడప తొక్కవలసిన అవసరం విశ్వాసికి లేదు.

హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) తన జాతి ముందు నక్షత్రాన్ని చూపారు, చంద్రుణ్ణి చూపారు, సూర్యుణ్ణి చూపారు. మూడూ అస్తమించాయి. అస్తమించేవి ఆరాధ్యాలు కాజాలవని నిరూపించి, వాటిని సృష్టించినవాని వైపు ముఖం తిప్పారు. సూరా అన్ఆమ్‌లోని ఈ వృత్తాంతం నేటికీ మన పాఠం. పదకొండేళ్ల ఆవర్తనమైనా, 23 కోట్ల సంవత్సరాల ఆవర్తనమైనా, దానికొక ఆరంభం, ఒక గడువు ఉన్నాయి. ప్రళయ దినాన మనల్ని ప్రశ్నించేది మన జన్మ నక్షత్రాన్ని గురించి కాదు, మన కర్మలను గురించి.

అల్లాహ్! నీ సృష్టిని చూసి నిన్ను గుర్తించే చూపును మాకు ప్రసాదించు. నీవు ఏర్పరచిన కారణాలను తెలుసుకునే విద్యను, నీ ఒక్కనిపైనే భరోసా ఉంచే హృదయాన్ని మాకు ఇవ్వు. భయాలు, శకునాల నుండి మా ఇళ్లను విముక్తం చెయ్యి. నింద మోస్తున్న నిర్దోషులకు ఊరట కల్పించు. మా నేలపై మేలైన వాన కురిపించు. ఆమీన్.